నాలుగో నెల దాటేదాకా

కుట్టు గది నుంచి
వానలు మొదలైన వారం

బావా,

సరుకుల పడవ ఎప్పుడొస్తే అప్పుడే మీ ఓడకు ఉత్తరాలు అని తెలుసు. తెలిసినా మెట్ల కింద పోస్టు డబ్బాలో రోజూ చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాను. సముద్రం అడుగున తెగిన ఫోను తీగలన్నీ అతికే ఓడ మీది, అందులో పనిచేసేవాళ్లకు మాత్రం ఫోను లేదు. ప్రాణం మీదికొస్తే తప్ప కెప్టెను తన గదిలోది ముట్టుకోనివ్వడని చెబితే కింద ఇస్త్రీ తాత నవ్వీ నవ్వీ దగ్గాడు. "నా చొక్కా చూడమ్మా, ఏనాడైనా ఇస్త్రీ చేసినట్టు కనిపించిందా? అంతే" అన్నాడు.

బడులు తెరిచారు. గది నిండా యూనిఫాం బట్టే, అడుగు పెట్టే చోటు లేదు. అత్త కాజాలు కుడుతూ, మధ్య మధ్యలో నన్ను తిడుతూ ఉంది. తిట్టదా మరి? మొన్న ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను. ఆ పిల్లాడి తల్లి తెచ్చి నా ముందు పరిచి, "మా వాడికి కుడి చెయ్యి కూడా ఉందమ్మా, నువ్వు గమనించలేదేమో" అంది. తలనొప్పిగా ఉండి అలా అయిందన్నాను. నిజంగానే ఈ మధ్య తల పగిలిపోతోంది బావా, కనుబొమల వెనకాల ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ చొక్కాల గురించి రాసింది ధైర్యం రాకే. నా నెల లెక్కలు ఎప్పుడూ సరిగ్గా ఉండవని నీకు తెలుసు, ఒకసారి ముందు, ఒకసారి వెనక. కానీ ఇంత గడువు దాటడం ఇదే మొదలు. నువ్వు ఓడెక్కినప్పటి నుంచీ రాలేదు, నువ్వు వెళ్లి మూడు నెలలైంది. ఇంకోటి రాయాలంటే సిగ్గేస్తోంది, ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు. మొన్న స్నానం చేసి జాకెట్టు తొడుక్కుంటే తడి తగిలింది. పాలు బావా. రెండు చుక్కలు. అత్తకు చెబితే చేతిలో చొక్కా అక్కడే పడేసి నా తల దగ్గరికి లాక్కుంది. ఇంత తొందరగా పడతాయా అత్తా అంటే, "కొందరికి ముందే పడతాయే, మా చిన్నమ్మకు అలాగే" అంది.

మన ఒప్పందం గుర్తుంది. మూడోసారి కూడా పరీక్షలో లేదని చెప్పినప్పుడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నువ్వే అన్నావు, ఇకమీదట నాలుగో నెల దాటేదాకా పరీక్ష లేదు, డాక్టరు లేదు, ఆశ పెట్టుకోవడం లేదు అని. మొదటి రెండూ పాటిస్తున్నాను. మూడోది నా వల్ల కావడం లేదు.

నీ బొంగరం

*

ఓడ మీద నుంచి, ఇంజను గది పక్కన
పడవ వచ్చిన రోజు

బొంగరమా,

నీ ఉత్తరం ఇంజను గదిలోనే చించాను, పైకెళ్లేదాకా ఆగలేక. చదువుతుంటే పెద్ద ఇంజనీరు చూసి "ఇంటి దగ్గర అంతా బాగేనా?" అని అరిచాడు. "బాగే!" అని నేనూ అరిచాను. ఈ మోతలో ఏడుస్తున్న సంగతి కూడా అరిచే చెప్పాలి.

ఎవరికీ చెప్పలేదు. వంటాయనకు తప్ప. ఆయన నోటి నుంచి మాట బయటికి రాదు, కానీ గరిటె నుంచి వచ్చింది, ఆ పూట నా పళ్లెంలో అన్నీ రెట్టింపు. అది చూసి మిగతావాళ్లకూ అర్థమైంది. ఇప్పుడు ఓడంతా నన్ను "నాన్నా" అని పిలుస్తున్నారు, నాకంటే పెద్దవాళ్లు కూడా.

ఒప్పందం తప్పకు. నీకు దణ్ణం పెడతాను. తలనొప్పి, నీరసం మామూలేనట, వంటాయన నలుగురు పిల్లల తండ్రి, ఆయనకు తెలియదా? డాక్టరు దగ్గరికి పరిగెత్తకు. వాళ్లు ముందు సూది గుచ్చుతారు, తర్వాత లేదంటారు. ఆ మాట ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు, నీకసలే లేదు. ఆ మెట్లు దిగేటప్పుడు నీ మొహం నేను చూశాను.

పని తగ్గించు. మిషను కిటికీ దగ్గరికి జరిపించుకో, వెలుతురు బాగుంటుంది. నువ్వు జరపకు, తాతకు చెప్పు. ప్రసవానికి సెలవు కావాలని కాగితం రాసిచ్చాను. కెప్టెను చదివి, సంతకం పెట్టి, "ఆడపిల్లయితే ఓడ పేరు పెట్టు" అన్నాడు. ఓడ పేరు ఎంత అసహ్యంగా ఉంటుందో నీకు తెలుసుగా.

షిఫ్టు దిగి మంచమెక్కాక నాకు పట్టే బాధ ఒకటే. ఇన్ని చప్పుళ్లలో నీ కుట్టు మిషను చప్పుడు లేదు. అది వింటూ పడుకునే అలవాటు చేసి పంపావు. ఇక్కడికొచ్చాక అది లేక నిద్ర పట్టని మనిషినయ్యాను.

బావ

*

కుట్టు గది నుంచి
ఎండ కాసిన రోజు

బావా,

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాను, కొంచెం దాచుకుని. ఓడ పేరు సంగతి విని, "వాడు పుట్టినప్పుడు వాళ్ల నాన్న కూడా లారీ పేరు పెడతానన్నాడు, నేనే ఆపాను" అంది. నువ్వు ఎంత గండం తప్పించుకున్నావో చూడు.

మిషను కిటికీ దగ్గరికి మారింది. వెలుతురు వచ్చింది కానీ పని మాత్రం ముందుకు రావడం లేదు. సూదిలో దారం ఎక్కించడానికి ఈ మధ్య అత్తను పిలుస్తున్నాను, నవ్వకు. సూదిని కళ్లకు దగ్గరగా పెట్టుకుంటే దాని వెనక ఉన్నదంతా మాయమవుతుంది. చొక్కా ముందు భాగాలు రెండూ బల్ల మీద పక్కపక్కన పరిస్తే, ఒకటి కొంచెం పైకి, ఇంకోటి కొంచెం కిందికి జారినట్టుంటాయి. టేపు పెట్టి కొలిస్తే సరిగ్గానే ఉంటాయి. కళ్లు పెట్టి చూస్తే ఉండవు. నిన్న గుండీలన్నీ ఒక కాజా కిందికి కుట్టి ఇచ్చేశాను. తొడుక్కున్న పిల్లవాడు ఒక భుజం ఎత్తి నడుస్తున్నాడట.

ఇంకో తమాషా. తాత దయ్యంలా తయారయ్యాడు. గదిలో ఎవరూ లేరనుకుంటాను, తల తిప్పేసరికి పక్కనే నుంచుని ఉంటాడు. మొన్న కెవ్వుమని అరిచాను. "నేను ఇందాకటి నుంచీ ఇక్కడే ఉన్నానమ్మా, నీ మొహం ముందు చెయ్యి కూడా ఊపాను" అన్నాడు. ముందు ఊపితే కనపడదా తాతా, పక్కన ఊపి ఉంటావు అన్నాను. గుమ్మాలు కూడా ఇరుకైనట్టున్నాయి. ఇటు తప్పించుకుంటే అటు, అటు తప్పించుకుంటే ఇటు తగులుతున్నాయి. రెండు భుజాలూ నల్లగా కమిలిపోయాయి. లావెక్కుతున్నావే, మంచిదే అంటోంది అత్త.

కడుపుతో ఉన్నప్పుడు చూపు మసకబారుతుందట, అత్త అలాగే చెప్పింది. ఎందుకైనా మంచిదని కళ్లద్దాలు చేయించుకుందామనుకుంటున్నాను. అద్దాల దుకాణం డాక్టరు కిందికి రాదు కదా, ఒప్పందం తప్పినట్టు కాదు.

పొట్ట ఇంకా తెలియడం లేదు. రోజూ అద్దం ముందు పక్కకు తిరిగి నుంచుంటాను. నువ్వు ఉంటే చెవి పెట్టేవాడివి. ఏమీ వినపడకపోయినా విన్నానని అబద్ధం చెప్పేవాడివి. నాకు ఆ అబద్ధం కావాలి బావా.

నీ బొంగరం

*

ఓడ మీద నుంచి
పడవ రాని రోజు, వస్తే ఇవ్వడానికి సిద్ధంగా

బొంగరమా,

నీ జాబు ఇంకా అందలేదు. అయినా రాస్తున్నాను, రాస్తున్నంతసేపూ నీతో ఉన్నట్టు ఉంటుంది.

తీగ చుట్టి వచ్చిన పెద్ద చక్రాలకు మంచి చెక్క ఉంటుంది, ఖాళీ అయ్యాక పారేస్తారు. అడిగి తెచ్చుకున్నాను. ఊయల చేస్తున్నాను. ఒక పక్క అయింది. నున్నగా వచ్చేదాకా ఉప్పుకాగితం పెట్టి రుద్దుతున్నాను, నా చేతులు గరుకుగా ఉన్నా అది నున్నగా ఉండాలి. ఓడ ఊగుతుంటే అదీ దానంతటదే ఊగుతోంది. దాన్ని చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియడం లేదు. మొదట్లో నవ్విన వాళ్లంతా ఇప్పుడు వచ్చి ఒక చెయ్యి వేసి పోతున్నారు.

నాలుగో నెల దాటి ఉండాలి ఇప్పటికి. ఒప్పందం తీరిపోయింది. ఇక ధైర్యంగా వెళ్లి చూపించుకో. గుండె చప్పుడు వినిపిస్తారట. విని, ఎలా ఉందో రాయి. గుర్రం పరుగులా ఉంటుందంటాడు వంటాయన.

మన పెళ్లయిన కొత్తలో నువ్వు నాకు చొక్కా కుట్టి, జేబు లోపలి వైపు కుట్టావు గుర్తుందా? కావాలనే కుట్టానన్నావు, నా మీద మనసున్నవాడు వెతుక్కుంటాడని. అదే వేసుకున్నాను ఇవాళ. చెయ్యి లోపల పెట్టుకుని తిరుగుతున్నాను.

బావ

*

కుట్టు గది నుంచి

బావా,

నీ ఉత్తరం అందింది. ఊయల సంగతి చదివాను.

అద్దాల దుకాణానికి వెళ్లాను. అద్దాలు అక్కర్లేదన్నారు, పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించుకోమన్నారు. చూపించుకున్నాను. కంగారు పడాల్సిందేమీ లేదు. మాత్రలిచ్చారు.

ఇక్కడ అంతా క్షేమం. అత్త బాగుంది. నువ్వు వేళకు తిను. ఊయల పని తొందరేమీ లేదు, సముద్రపు గాలికి చెక్క ఉబ్బుతుందేమో, కొన్నాళ్లు పక్కన పెట్టు.

ఉంటాను.

*

ఓడ మీద నుంచి
నీ ఉత్తరం అందిన పూటే

బొంగరమా,

"ఇక్కడ అంతా క్షేమం" అని నువ్వు రాశావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నాకు ఎప్పుడూ అలా రాయలేదు. మీ నాన్న పోయినప్పుడు కూడా రాయలేదు. చుట్టాల పెళ్లి శుభలేఖ కూడా ఇంతకంటే ప్రేమగా ఉంటుంది. కింద "నీ బొంగరం" అని కూడా లేదు. ఎవరు రాశారది? ఎవరో పరాయి మనిషి నీ చేతిరాతతో రాసినట్టుంది.

గుండె చప్పుడు విన్నావో లేదో రాయలేదు. నాకు అర్థం కాదనుకున్నావా? ఊయల పక్కన పెట్టమన్నావు. పెట్టాను. దాని మీద గుడ్డ కప్పాను. ఎవరైనా అడిగితే జిగురు ఆరుతోందని చెబుతున్నాను.

బిడ్డ పోయిందా? పోతే పోయిందని రాయి. నేను తట్టుకోలేనని దాస్తున్నావేమో. తట్టుకోలేను, నిజమే. కానీ నువ్వు ఒక్కదానివే ఆ గదిలో కూర్చుని తట్టుకుంటున్నావని తెలిసి ఇక్కడ గుడ్డ కప్పుకుని పడుకోవడం అంతకంటే కష్టం. నాకు నిన్ను మించిన సంగతేదీ లేదు. ముందు అది చదువుకో, తర్వాత రాయి. తిడుతూ రాసినా సరే, ఏడుస్తూ రాసినా సరే, నిండుగా రాయి.

మాత్రలు దేనికి? ఎవరికి? నీకేమైంది?

బావ

*

కుట్టు గది నుంచి
తలుపు వేసుకుని

బావా,

నిండుగా రాయమన్నావు. రాస్తాను, కూర్చుని చదువు.

బిడ్డ పోలేదు. బిడ్డ లేదు. ఎప్పుడూ లేదు.

అద్దాల దుకాణంలో ఒకమ్మాయి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "నా ముక్కునే చూడండి, నా వేళ్లు కదిలినప్పుడు చెప్పండి" అంది. చూస్తూ కూర్చున్నాను. కదపండి మరి అన్నాను. తను ఆగిపోయింది. అప్పటికే రెండు చేతులూ పక్కకు చాపి వేళ్లు ఆడిస్తోందట. నెమ్మదిగా దగ్గరికి తెచ్చింది. తన చెవుల దాకా వచ్చాకే నాకు కనిపించాయి. అద్దాల మాట ఎత్తలేదు. పెద్దాసుపత్రికి చీటీ రాసి, ఇవాళే వెళ్లండి అంది. తోడు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఇంటికొచ్చి అత్తను వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆసుపత్రిలో తెల్లటి పెద్ద గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎంతసేపటికీ చుక్క రాదే! మీ యంత్రం పాడైందేమో చూడండి అన్నాను. అది వెలుగుతూనే ఉందట. అచ్చు వేసిన కాగితం చూపించారు. ఒక్కో కంటికీ బయటి సగం నల్లగా ఉంది. మధ్యలో మాత్రం వెలుగు. ఇన్నాళ్లూ నేను ఆ సందులోంచి బట్టలు కుట్టాను, వీధి దాటాను, తాతను తిట్టాను. రెండు పక్కలా ఏమీ లేకుండా బతుకుతున్నానని నాకు తెలియనే తెలియదు. చీకటిగా ఉంటే తెలిసేది. అది చీకటి కూడా కాదు బావా, అక్కడ అసలేమీ ఉండదు.

తలకు స్కాను తీయాలన్నారు. తీసే ముందు ఒకావిడ మామూలుగా అడిగింది, గర్భవతా అని. అవునన్నాను. ఎంత గర్వంగా అన్నానో! పక్కనున్న అత్త నిటారుగా కూర్చుంది. అయితే ముందు రూఢి చేసుకోవాలని పరీక్ష చేశారు. లేదన్నారు. ఇంకోసారి చూడండి, నాకు పాలు కూడా పడుతున్నాయి అన్నాను. ఆవిడ కలం కింద పెట్టి, "పాలు పడుతున్నాయా? ఎప్పటి నుంచి?" అని అడిగింది. చెప్పాను. లేచి పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లింది. అప్పుడర్థమైంది, నేను వరమనుకున్నది వాళ్లకు జబ్బు గుర్తు అని.

డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. మెదడు కింద, ముక్కుకు లోపలి వైపు, చిక్కుడు గింజంత గ్రంథి ఒకటి ఉంటుందట. ఆడవాళ్ల నెలసరీ, తల్లుల పాలూ అన్నీ దాని ఆజ్ఞ మీదే నడుస్తాయట. నాకు దాని మీద గడ్డ పెరిగింది. పాలు పడమని చెప్పే రసాన్ని ఆ గడ్డే ఎక్కువెక్కువగా తయారు చేస్తోందట. అందుకే నెలసరి ఆగింది, అందుకే పాలు. బిడ్డ ఉందని నేను ఒక్కదాన్నే అనుకోలేదు, నా ఒళ్లు కూడా అనుకుంది. ఆ గ్రంథికి సరిగ్గా పైనే రెండు కళ్ల నరాలూ వచ్చి కలుస్తాయి. పక్క చూపు తెచ్చే పోగులు అక్కడ ఇటువి అటు, అటువి ఇటు దాటుతాయట. గడ్డ కింద నుంచి వాటినే ఒత్తుతోంది. ముందే వచ్చి ఉంటే ఇంత దాకా రానిచ్చేవాళ్లం కాదన్నాడు. ఇంకా ఆలస్యమైతే మధ్య చూపు కూడా పోయేదట.

క్యాన్సరు కాదు. అది రెండుసార్లు అడిగాను. ఈ రకం గడ్డ చాలామందికి మాత్రలతోనే కుంచించుకుపోతుందట. పోకపోతే ముక్కులోంచి ఆపరేషను చేస్తారట. పోయిన చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేమన్నాడు. నరం ఎంతకాలం నలిగిందన్న దాన్ని బట్టి ఉంటుందట.

ఇంటికొచ్చాక అత్త తన చిన్నమ్మను తిట్టింది, పోయి ఇరవై ఏళ్లైన మనిషిని. "దానికి ముందే పడ్డాయని నేను చెప్పబట్టే కదే" అని నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు కోపంగా ఉంది. ముందు నీ మీద. డాక్టరు దగ్గరికి పరిగెత్తకు అని రాశావు, ఆ కాగితం చింపబోయి ఆగాను. తర్వాత నా మీద. గుమ్మాలు ఇరుకయ్యాయని రాసినదాన్ని నేనే కదా! ఎంత ఆశపడితే మనిషికి ఇల్లు ఇరుకైందని అనిపిస్తుంది కానీ కళ్లు ఇరుకయ్యాయని అనిపించదు?

నీ కంపెనీ ఆఫీసుకు చెబితే ఆ రోజే నీకు కబురందేది. చెప్పలేదు. ఎందుకో చెబుతాను, తిట్టకు. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నీ ఊయల ఉత్తరం మెట్ల కింద ఉంది. చదివాను. ఈ లోకంలో ఒక మనిషి ఇంకా నాన్నగానే ఉన్నాడు, ఉప్పుకాగితంతో రుద్దుతూ. నాకు పోయింది, నీకింకా పోలేదు. ఒక్క నెలైనా ఉండనీ అనుకున్నాను. నా దగ్గర నీకివ్వడానికి మిగిలింది అదొక్కటే.

ఇప్పుడు అదీ తీసేసుకున్నాను. నేను నీకు బిడ్డను ఇస్తానని రాసి గడ్డ సంగతి రాస్తున్నాను. నీకు మనసు విరిగితే నేను కాదనను. కానీ ఒక్క మాట, నన్ను చూసి జాలిపడి మాత్రం రాకు.

నీ బొంగరం

*

ఓడ మీద నుంచి
కెప్టెను గదిలో, ఆయన బల్ల మీద

బొంగరమా,

కెప్టెను ఫోను ఇచ్చాడు. నేనడగలేదు, వంటాయన వెళ్లి చెప్పాడు. మోగింది. అమ్మ ఎత్తింది. నువ్వు ఆసుపత్రికి వెళ్లావంది. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. నాకిచ్చిన సమయమంతా ఆ ఏడుపుకే అయిపోయింది. అందుకని మళ్లీ కాగితమే దిక్కు.

జాలిపడి రాకు అన్నావు. నువ్వు ఎంత పొగరుబోతువో నాకు తెలుసు కాబట్టి ఆ మాట క్షమిస్తున్నాను. ఇంకోసారి రాస్తే ఊరుకోను. ప్రసవం సెలవు కాగితం వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చాను. కారణం రాసే చోట "నా భార్య" అని రాశాను. అంతేనా, ఇంకేమైనా రాయాలా అని అడిగాడు. చాలన్నాను. ఇప్పుడు అతుకుతున్న తీగ పూర్తికాగానే మొదటి రేవులో దింపేస్తానన్నాడు. తీగ ఒక కొస మా చేతిలో ఉంది, రెండో కొస ఇంకా అడుగునే ఎక్కడో ఉంది. దాని కోసం వెతుకుతున్నారు. ఎవరూ నా అంత గట్టిగా వెతకడం లేదు.

నువ్వు ఎలా చూస్తున్నావో తెలుసుకోవాలని రెండు అరచేతులూ కళ్లకు పక్కన అడ్డం పెట్టుకుని ఇంజను గదిలో నడిచాను. నాలుగడుగులకే గొట్టానికి నుదురు కొట్టుకుంది. పెద్ద ఇంజనీరు "మతిపోయిందా?" అని అరిచాడు. నువ్వు అలాగే నెలల తరబడి వీధులు దాటావు. కూరగాయల బండికీ, బస్సుకీ మధ్య. ఎవరికి మొక్కాలో తెలియక ఆ బస్సు డ్రైవర్లందరికీ మొక్కుతున్నాను.

డాక్టరు దగ్గరికి పరిగెత్తకు అని నేనే రాశాను. దాన్ని నువ్వు చింపొద్దు. నేను వచ్చాక నా చేతికివ్వు, నా చేతులతో చింపుతాను.

ఇక బిడ్డ మాట. కూర్చుని చదవమన్నావు, కూర్చునే చదివాను. ఏడ్చాను. ఓడంతా చూసింది, ఎవరూ ఇప్పుడు "నాన్నా" అనడం లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే ఊయల తీసుకెళ్లి వంటాయనకు ఇచ్చాను. ఉల్లిపాయలు వేశాడు. ఓడ ఊగినప్పుడల్లా అవి దొర్లుతున్నాయి. చూసి నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు మళ్లీ ఏడుపొచ్చింది.

నాకు బిడ్డ ఎందుకు కావాలనుకున్నానో ఆలోచించాను. నీ మొహం ఇంకో చిన్న మొహం మీద చూడాలని. ఆ మూతి ముడుపు, ఆ కోపం. అంతకంటే వేరే కారణం దొరకలేదు. నీ మొహం నీ దగ్గర ఉంది కదే. అది ఉంటే నాకు చాలు. మాత్రలు వేసుకో. ఒక్కటి కూడా మానకు. మధ్యలో మిగిలిన ఆ వెలుగు సందులోనే నుంచుంటాను, నువ్వు తల తిప్పినప్పుడల్లా నేనూ జరుగుతాను.

బావ

*

కుట్టు గది నుంచి
బడులకు సెలవులిచ్చిన వారం

బావా,

రెండో కొస దొరికిందా? దొరక్కపోతే ఆ వెతికేవాళ్లను నా దగ్గరికి పంపు, పోయిన సూదులు వెతికిన అనుభవం నాది.

మాత్రలు వారానికి రెండుసార్లు. వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పుతుంది, లేవగానే కళ్లు తిరుగుతాయి. ఇన్నాళ్లూ లేని వేవిళ్లు ఇప్పుడొచ్చాయి చూడు. అత్త అలవాటుకొద్దీ పుల్లనివి తెచ్చి పెడుతోంది. నేను కాదనడం లేదు, ఇద్దరం కూర్చుని తింటున్నాం.

పాలు ఆగిపోయాయి. ఒక రోజు చూసుకుంటే లేవు. వద్దనుకున్నవే అయినా, ఆగినప్పుడు గుండె కలుక్కుమంది. నీకు తప్ప ఎవరికి చెప్పను ఈ మాట?

మళ్లీ ఆ గిన్నెలో మొహం పెట్టించారు. ఈసారి చుక్కలు వచ్చాయి. ఒకటి, ఇంకొకటి, అటు, ఇటు. మీట నొక్కలేక నా బొటనవేలు నొప్పెట్టింది, అంత సంతోషం. కొత్త కాగితంలో నలుపు చాలా వరకు తగ్గింది. ఎడమ కంటికి బయట పైమూల ఇంకా బూడిదరంగుగానే ఉంది. అది అలాగే ఉండిపోవచ్చన్నాడు డాక్టరు. ఆ మూల నేను పోగొట్టుకున్నట్టే అనుకుంటున్నాను. గడ్డ సగానికి పైగా కుంచించుకుపోయింది. మాత్రలు మాత్రం ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు.

పిల్లల సంగతి నేనడగలేదు. అత్త అడిగింది. గడ్డ బాగా చిన్నదయ్యాక, కళ్లు కుదుటపడ్డాక, తాము కనిపెట్టి చూస్తుండగా ప్రయత్నించొచ్చన్నాడు. కొందరికి అవుతుంది, కడుపుతో ఉన్నప్పుడు గడ్డ మళ్లీ పెరిగే భయం కూడా ఉంది, అప్పటిదాకా జాగ్రత్తగా ఉండండి అన్నాడు. అత్త దారంతా "కొందరికి అవుతుందన్నాడు" అనే సగం మాటే అప్పజెప్పుకుంటూ వచ్చింది. నేను మొత్తం మాట గుర్తుపెట్టుకున్నాను. ఈసారి ఆశ నా కళ్లు తెరిచి ఉండగానే రావాలి.

మొన్న మిషను దగ్గర కూర్చుని కాలరు తిప్పుతున్నాను. చూపు సూది మీదే ఉంది. కుడి పక్క ఏదో కదిలింది. తల తిప్పకుండానే తెలిసింది. తాత మెట్లెక్కి వస్తున్నాడు, చంకలో బట్టల మూట. "రా తాతా" అన్నాను, కుడుతూనే. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. మూట కింద పెట్టి కండువాతో కళ్లు తుడుచుకుని, మళ్లీ మూట చంకన పెట్టుకుని కిందికి వెళ్లిపోయాడు. బట్టలు ఇవ్వడం కూడా మరిచిపోయాడు.

ఇక నిన్నటి సంగతి. పొద్దున్నే లేచి చూస్తే, వచ్చింది. ఇన్ని నెలల తర్వాత.

పెళ్లయినప్పటి నుంచీ అది వచ్చిన ప్రతిసారీ తలుపు వేసుకుని ఏడ్చినదాన్ని. నీకూ తెలుసు, నువ్వు తలుపు అవతల కూర్చునేవాడివి. నిన్న కూడా తలుపు వేసుకున్నాను. కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, కానీ అది ఆ ఏడుపు కాదు. నా ఒళ్లు అబద్ధం చెప్పడం మానేసింది బావా. ఇన్నాళ్లకు నాకు నిజం చెప్పింది.

అత్త తలుపు కొట్టి "ఏమైందే?" అంది. "వచ్చిందత్తా" అన్నాను. అత్త తలుపుకు నోరు ఆనించి నెమ్మదిగా, "రానీ తల్లీ, రావాల్సినవన్నీ ఒక్కొక్కటే రానీ" అంది.

నువ్వూ రా.

నీ బొంగరం